ధనరాజు ఆపేసిన సినిమా

ధనరాజుకు కోపం రావడం ఆ ఆదివారం మధ్యాహ్నం దాకా రాజోలు రేవులో ఎవరూ చూడలేదు. నలభై మూడేళ్ళ మనిషి. గోదావరి గట్టు పక్కన రేకుల షెడ్డులో బోటు ఇంజన్లు బాగుచేస్తాడు. కాసేపు చప్పుడు విని, ఇంజన్‌కు వచ్చిన జబ్బేమిటో విప్పకుండానే చెప్పేస్తాడని చేపల బోట్లవాళ్ళూ రొయ్యల చెరువులవాళ్ళూ అంటారు. పదకొండేళ్ళు దోహాలో పనిచేసి వచ్చాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగి అడిగి, చివరికి జనం అడగడం మానేసి, తమలో తాము ఏదో అనుకోవడం మొదలుపెట్టారు. అతనికి ఉన్నదల్లా అక్క అప్పాయమ్మ. భర్త పోయాక తమ్ముడి దగ్గరే ఉంటూ సంతలో ఎండు చేపలు అమ్ముతుంది.

కిందటేడు వేసవిలో అతని షెడ్డుకు వినయ్ అనే కుర్ర డైరెక్టరు వచ్చాడు. అమలాపురంలో పుట్టి, హైదరాబాదులో చదువుకుని, చిన్న చిన్న కామెడీలు తీసి ఫోన్లలోకి వదులుతుంటాడు. ఈసారి కాస్త పెద్దది తీస్తున్నానన్నాడు. ఇద్దరు మగవాళ్ళ ప్రేమ కథ, హాయిగా నవ్వుకునేలా ఉంటుందన్నాడు. బోటు కావాలి, నడపడానికి ధనరాజు కావాలి.

ధనరాజు ముందు వద్దన్నాడు. అలాంటి సినిమాలు అతనికి కొత్త కాదు. దోహాలో ఎనిమిదిమంది ఉన్న గదిలో శుక్రవారాలు అవే పెట్టుకునేవారు. భాష మారేది గానీ, అందులో నవ్వులకోసం పెట్టిన ఆ మనిషి మారేవాడు కాదు. గులాబీరంగు చొక్కా, ఊగే నడుము, కనబడిన ప్రతి మగాడి మీదా పడటం, ఆఖర్న ఒక చెంపదెబ్బ. ఆ దెబ్బ పడగానే గది గదంతా ఘొల్లుమనేది. ధనరాజు కూడా నవ్వేవాడు. అందరికంటే గట్టిగా నవ్వేవాడు, ఎవరికీ అనుమానం రాకూడదని. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తుంది అతనికి.

ఆ గది ఉన్న పనివాళ్ళ క్యాంపులోనే వంటవాడు ఒకతను అచ్చం అలాగే నడిచేవాడు, చేతులు తిప్పుతూ, నడుం ఊపుతూ. ఎండలో మధ్యాహ్నం కూడా పని చెయ్యమని సూపర్‌వైజరు అరిచిన రోజున నూటయాభైమందిలో ఎదురు నిలబడింది అతనొక్కడే. అంత మనిషిని ఏ సినిమాలోనూ చూడలేదు ధనరాజు. ఊగే నడుము మాత్రం అన్నిట్లోనూ చూశాడు.

ఈ మాటలేవీ వినయ్‌తో అనలేదు. వద్దన్నాడంతే. అప్పుడు వినయ్ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పాడు.

“నేనూ అలాంటివాణ్ణేనండీ, బాబాయ్‌గారూ. మనోళ్ళ గురించి మనమే తీసుకోకపోతే ఎవరు తీస్తారండీ?”

నలభై మూడేళ్ళలో ధనరాజుతో ఆ మాట నోరు తెరిచి అన్న రెండో మనిషి వినయ్. మొదటివాడు దోహాలో పక్కమంచం అమ్మిరాజు. ధనరాజు చేతిలో ఉన్న స్పానరు కింద పెట్టి, “ఆయ్, సరే బాబూ” అన్నాడు.

మూడు మధ్యాహ్నాలు బోటులో కూచుని వినయ్‌కు తన కథంతా చెప్పాడు. వర్క్‌షాపులో రేడియేటర్ మూత ఎగిరి రెండు చేతులూ కాలిపోయిన సంగతి చెప్పాడు. నలభై రోజులు అమ్మిరాజు తన డ్యూటీ చూసుకుని వచ్చి, అన్నం కలిపి ముద్దలు చేసి నోట్లో పెట్టిన సంగతి చెప్పాడు. తల దువ్వేవాడు, లుంగీ కట్టేవాడు. మంచానికి అడ్డంగా ఒక దుప్పటి కట్టుకుని, దాని వెనక ఆరేళ్ళు బతికారు ఇద్దరూ. తరవాత మురమళ్ళ నుంచి అమ్మిరాజు వాళ్ళమ్మ ఏడుస్తూ ఫోను చేసింది. వీరేశ్వరస్వామికి కల్యాణం చేయించాను, నీకు పిల్ల కుదిరింది, రమ్మంది. అమ్మిరాజు వెళ్ళాడు. ఇప్పుడు అతనికి భార్య ఉంది, కూతురు ఉంది, చెరువుల మీద పని ఉంది. ఇద్దరి మధ్యా మాటలు లేవు.

నవ్వొచ్చే సంగతులు కూడా చెప్పాడు. ఉప్పనుకుని పప్పులో బట్టల సబ్బుపొడి వేసేశాడు అమ్మిరాజు. ఆకలికి ఆగలేక ఇద్దరూ సగం తిన్నాక గాని నురగ కనబడలేదు. చేతులు కాలినవాడికి ముళ్ళ చేప వండిపెట్టి, ఒక్కో ముల్లూ తీయడానికి రెండు గంటలు కూచుని, ముళ్ళన్నీ తీసేసరికి చేపే మిగల్లేదని తిట్టుకున్నాడు. వింటూ వినయ్ కడుపు పట్టుకుని నవ్వాడు. ధనరాజుకు ఆ నవ్వు బాగుంది. ఒక్కటే కోరాడు: పేర్లూ ఊళ్ళూ పెట్టొద్దని. వినయ్ ఒప్పుకున్నాడు.

షూటింగు పన్నెండు రోజుల్లో అయిపోయింది. ధనరాజు బోటు నడిపాడు తప్ప గదిలో తీసిన సీన్లు చూడలేదు. ఆగస్టులో ఒక ఆదివారం, సినిమా విడుదలకు ముందు ఊరివాళ్ళకు చూపిస్తామని రాజోలులో ఒక ఫంక్షన్ హాలు తీసుకున్నారు. మధ్యాహ్నాలు కరెంటు ఉండటం లేదు, జనరేటర్ సంగతి మీరు చూడండి బాబాయ్‌గారూ అన్నాడు వినయ్. ధనరాజు పొద్దున్నే ఆయిల్ మార్చి, నడిపి చూసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని అక్కను వెంటబెట్టుకుని వచ్చాడు. లోపల్లోపల సంబరంగానే ఉంది. అక్కకు తను నోటితో చెప్పలేనిది ఈ సినిమా చెబుతుందేమోనని ఆశ.

సినిమా మొదలైన పావుగంటకు తెర మీదికి రోజాబాబు వచ్చాడు. గల్ఫులో మెకానిక్కు. ఆ పాత్ర వేసింది కొత్తపేట నాటకాల మనిషి సత్యదుర్గారావు. ఆడవేషాలకు పేరున్నవాడు, మంచి నటుడు. గులాబీరంగు చొక్కా. నడుము ఊగింది. హాలు నవ్వింది.

ఆ తరవాత రోజాబాబు పక్కమంచం మగాడి చేత తినిపించుకోవాలని కావాలని చేతులు కాల్చుకున్నాడు. బూరల్లా కట్లు కట్టుకుని, కళ్ళు టపటపలాడిస్తూ, “ముద్ద పెట్టవా బావా” అన్నాడు. ముద్దతో పాటు వేలు కూడా కొరికాడు. హాలు విరగబడి నవ్వింది. మంచానికి దుప్పటి అడ్డం కట్టారు. గదిలో మిగిలిన ఆరుగురూ దానికి కన్నాలు పెట్టి తొంగిచూశారు. దుప్పటి ఊడిపడింది. చెంపదెబ్బ పడింది.

ధనరాజు పక్కకు చూశాడు. అప్పాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వుతోంది.

అతను లేచాడు. పరుగెత్తలేదు, ఎవరినీ తోసుకోలేదు. హాలు వెనక తలుపు తీసుకుని బయటికి వెళ్ళి జనరేటర్ ఆపేశాడు. తెర పోయింది, ఫ్యాన్లు పోయాయి. కరెంటు పోయిందనుకుని ఎవరో ఈల వేశారు. ధనరాజు మళ్ళీ లోపలికి వచ్చి, వరసల మధ్యనుంచి నడిచి తెర ముందు నిలబడ్డాడు. తలుపుల్లోంచి వచ్చే వెలుతురు చాలు, అతని ముఖం అందరికీ కనబడింది.

“కరెంటు కాదండి, నేనే ఆపేను. ఆ చేతులు కాలింది నాకు.” చొక్కా చేతులు మోచేతుల పైకి లాగి మచ్చలు చూపించాడు. “కావాలని కాల్చుకోలేదండి. నలభై రోజులు ఒక మగమనిషి నాకు అన్నం పెట్టేడు. మీరు ఇందాకట్నుంచీ నవ్వుతున్నది ఆ అన్నాన్ని చూసండి.”

వినయ్ ముందు వరసలోంచి లేచి వచ్చి చెయ్యి పట్టుకోబోయాడు. బయట మాట్లాడుకుందామన్నాడు. నవ్వించకపోతే ఎవరూ చూడరనీ, ముందు నవ్వుతూ చూస్తే మెల్లగా మనుషులకు అలవాటవుతుందనీ, ఇది మనోళ్ళ మంచికేననీ గబగబా చెప్పాడు.

“నవ్వొద్దన్నానా బాబూ?” ధనరాజు గొంతు అప్పుడు పెరిగింది, కోపంతో. “మేం నవ్వుకున్నవన్నీ నీకు చెప్పేను. నువ్వూ నవ్వేవు. వాటిల్లో ఒక్కటైనా పెట్టేవా? అవి పెడితే మాతో కలిసి నవ్వాలి వీళ్ళు. నీకది అక్కర్లేదు. ఏ దెబ్బకి నువ్వు చిన్నప్పట్నుంచీ భయపడ్డావో ఆ దెబ్బ నన్ను కొట్టించేవు. నీ మీద పడకుండా.”

వినయ్ తల వంచుకున్నాడు. ధనరాజు అమ్మిరాజు పేరు అనలేదు, మురమళ్ళ ఊసు ఎత్తలేదు. బయటికి వచ్చేశాడు. జనరేటర్ మళ్ళీ వెయ్యడానికి హాలువాళ్ళు అరగంట తంటాలు పడ్డారట గానీ అది వాళ్ళ చేతికి లొంగలేదు. జనం ఇళ్ళకు పోయారు.

మూడు రోజులు అప్పాయమ్మ తమ్ముడితో మాట్లాడలేదు. అన్నం వడ్డించి అవతలికి వెళ్ళిపోయేది. అసహ్యం కాబోలు అనుకున్నాడు ధనరాజు, వేరే గది చూసుకుందామనుకున్నాడు. నాలుగో రోజు ఆవిడే వచ్చి ఎదురుగా నిలబడింది.

“నీకోసం ఎన్ని సంబంధాలు చూసేన్రా? ఎంతమంది గుమ్మాలెక్కేను? నీ చేతులు అంత కాలితే కాస్త చురుక్కుమందని ఫోన్లో చెప్పేవు నాకు. ఆ సినిమా కుర్రాడు నీకేమవుతాడని మూడ్రోజులు కూచోబెట్టి చెప్పుకున్నావు? నన్ను అంతమందిలో కూచోబెట్టి నవ్వించేవు. నువ్వని తెలీక నవ్వేన్రా నేను.”

ఆవిడ కోపం ధనరాజు ఎదురుచూసిన వైపునుంచి రాలేదు.

సినిమా దసరాకు ఫోన్లలోకి వచ్చింది. దుప్పటి సీను తీసేస్తానని వినయ్ మెసేజి పెట్టాడు గానీ తియ్యలేదు. పెట్టుబడి పెట్టినవాళ్ళు ఒప్పుకోలేదన్నాడు. రాజోలు సెంటరులో, ఆటోల దగ్గర, రేవులో “ముద్ద పెట్టవా బావా” పలకరింపైపోయింది. ఇద్దరు చెరువుల ఆసాములు తమ ఇంజన్లు వేరేచోటికి పంపారు. మిగిలినవాళ్ళు వచ్చారు, ఎప్పటిలాగే అండీ అంటూ, అతని కళ్ళలోకి మాత్రం చూడకుండా.

ఒకనాడు రొయ్యల ఏజెంటు ఒకడు, యాభై ఏళ్ళవాడు, షెడ్డులో పదిమంది ఉండగా ఆ మాట గొంతు మార్చి అన్నాడు. ధనరాజు చేతులు తుడుచుకుంటూ వచ్చి అతని ముందు కూచున్నాడు. అందులో నవ్వొచ్చింది ఏమిటో చెప్పమని అడిగాడు. ఊరికే అన్నానండీ అన్నాడు ఏజెంటు. ఊరికే అయినా సరే చెప్పమన్నాడు, ముద్దలో ఉందా, పెట్టినవాడిలో ఉందా, తిన్నవాడిలో ఉందా. పదిమందీ చూస్తున్నారు. ఏజెంటు లేచి, ఇంజన్ సాయంత్రం తీసుకెళ్తానని వెళ్ళిపోయాడు. ఆ తరవాత షెడ్డులో ఆ మాట వినబడలేదు. సెంటరులో వినబడుతూనే ఉంది. వినబడినప్పుడల్లా ధనరాజుకు ఒళ్ళు మండుతూనే ఉంది. అలవాటు పడటం అతనికి ఇష్టం లేదు.

సంక్రాంతి వెళ్ళాక వినయ్ ఫోను చేశాడు. సినిమా బాగా ఆడిందట, రెండో భాగం తీస్తాడట. ఈసారి మెకానిక్కు పాత్రను మర్యాదగా రాస్తాననీ, మిగిలిన కథ కూడా చెప్పమనీ అడిగాడు. ధనరాజు పళ్ళు బిగించి వింటున్నాడు. ఎండు మెత్తళ్ళ చేపలు చెరుగుతున్న అప్పాయమ్మ చాట పక్కన పెట్టి వచ్చి, తమ్ముడి చేతిలోంచి ఫోను లాక్కుంది.

“బాబూ, నేను వాళ్ళక్కనండి. వాడి కథ నేనే ఇంకా వినలేదు. ఇంక ఫోను చెయ్యకండి,” అంది. ఎక్కడ నొక్కాలో తెలియక ఫోనును అలాగే బల్ల మీద బోర్లించింది. అవతల వినయ్ ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు.

ఆవిడ మళ్ళీ పీట మీద కూచుని చాట అందుకుంది. చెరగలేదు. తమ్ముడి వైపు చూస్తూ కూచుంది. ధనరాజు వచ్చి ఆవిడ ఎదురుగా నేల మీద కూచున్నాడు. “నాకు అన్నం పెట్టేడు చూడు, అతనిది మన గోదారి జిల్లాయేనక్కా,” అన్నాడు.