తెల్ల డబ్బా మీద జీడిపప్పు

అప్పట్లో మా చోడవరంలో ఒక ఆడపిల్లకి బొమ్మలు బాగా వస్తాయని తెలిస్తే ఊరు సంతోషించేది, ఇల్లు కంగారు పడేది. ఊరికి సంతోషం ఎందుకంటే, పక్కింటి పిల్ల సైన్సు రికార్డులో కప్ప బొమ్మ దగ్గర్నుంచి ఎదురింటి పెళ్ళికి థర్మకోల్ మీద కోసే పేర్ల దాకా అన్నీ ఉచితంగా అయిపోతాయి. ఇంటికి కంగారు ఎందుకంటే, ఆ పిల్ల దాన్నే బతుకుతెరువు చేసుకుంటానని ఎక్కడ పట్టుబడుతుందోనని. నేను సరిగ్గా అలాగే పట్టుబట్టాను. ఇంటర్ అయిపోయింది, ఇంజినీరింగులో సీటు వచ్చే ర్యాంకు కూడా వచ్చింది, నేనేమో విశాఖపట్నంలో డిజైన్ కాలేజీకి వెళతానన్నాను. చుట్టాలందరూ తలో దారి చూపించారు. పెద్దమ్మ డ్రాయింగ్ టీచరు చెయ్యమంది. బాబాయి కాసేపు ఆలోచించి, "ఆస్పత్రిలో స్కానింగు తీసే కోర్సు సేయించీండి, అదీ బొమ్మలే కదా" అన్నాడు. (ఇప్పటికీ కొన్ని సోమవారాలు ఆయన మాట విని ఉంటే బాగుండేదేమో అనిపిస్తుంది.)

మా నాన్న చెరకు రైతు. ఆయన నన్ను తిట్టలేదు, అదే నాకు భయం. "కూటి కోసం కోటి విద్యలన్నారు. ఆ కోటిలో నీది ఉందో నేదో నాకెలగ తెలుస్తాదమ్మా?" అన్నాడంతే. సెలవుల్లో తెలుసుకోవచ్చు కదా అని నన్ను మా బస్టాండు దగ్గర ఒక ఫ్లెక్సీల షాపులో పనికి కుదిర్చాడు. అక్కడ కంప్యూటర్ ముందు కూర్చునే ఆయన్ని అందరూ ఫ్లెక్స్ అన్న అనేవారు. ఆయన దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం, గుడ్డ మీద బొటనవేలు పట్టేంత జాగా కూడా వదలకూడదని. పుట్టినరోజు కుర్రాడు మధ్యలో, మేనమామలు గుండ్రాల్లో, వెనకాల జలపాతం, జలపాతం మీద గులాబీలు, అప్పటికీ ఎక్కడైనా మిగిలితే ఎగిరే పావురాలు. "కాళీ కనిపిస్తే కస్టమరికి కడుపు మండిపోద్ది. గుడ్డంతటికీ డబ్బులిచ్చేడు కదా!" అనేవాడు. పాపం, ఆయన చెప్పింది ఆ షాపు వరకూ అక్షరాలా నిజం.

కానీ నేను రాత్రిళ్ళు ఫోన్లో డిజైన్ పాఠాలు చూసేదాన్ని. అందులో ఒక గడ్డం మాస్టారు, మంచి డిజైన్ అంటే ఏం పెట్టాలన్నది కాదు, ఏం వదిలెయ్యాలన్నది అని చెప్పేవాడు. ఆ ముక్క నా తలకెక్కి కూర్చుంది. ముందు మా ఇంటి గోడ మీద క్యాలెండర్లు తీసేశాను. (ఒక దాంట్లో గ్యాస్ బండ తారీకు రాసుకుందని అమ్మ గరిటె పుచ్చుకుని నా వెంటపడింది.) పెళ్ళి కార్డు చూసినా, మందుల షాపు బోర్డు చూసినా, మా అత్త కట్టుకున్న చీర చూసినా, "ఇందులో సగం తీసెయ్యొచ్చు" అనేదాన్ని. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, చేతిలో ఒక్క పని లేకుండానే నా స్టూడియోకి పేరు కూడా పెట్టేసుకున్నాను. ఖాళీ గొప్పతనం గురించి ఒకరోజు భోజనాల దగ్గర నాన్నకి వివరించబోయాను. ఆయన మజ్జిగ పోసుకుంటూ శ్రద్ధగా విని, "మడిలో కాళీ వదిలెస్తే కలుపు మొలుస్తాదమ్మా" అన్నాడు.

అలాంటి సమయంలో మాడుగుల మావయ్య ఫోన్ చేశాడు. మా అమ్మ తమ్ముడు. మాడుగులలో ఆయనకి చిన్న హల్వా కొట్టు ఉంది. డబ్బాలు అయిపోవస్తున్నాయి, మళ్ళీ అచ్చు వేయించాలి, కాస్త బొమ్మ మార్చి ఇస్తావా అని అడిగాడు. నాన్న పక్కనే ఉండి విన్నాడు. ఫోన్ పెట్టేశాక అన్నాడు: "సూడమ్మా. ఈ డబ్బాలైపోయి, మీ మావయ్య రెండోసారి కూడా నీ డబ్బాయే అచ్చెయ్యమన్నాడనుకో, నువ్వన్న కాలేజీకే పంపిస్తాను. పాత డబ్బాకి ఎల్లిపోయేడనుకో, మాట్లాడకుండా ఇంజినీరింగుకి ఎల్లిపోవాల." సరేనన్నాను. ఆ వయసులో మనం ఓడిపోతామన్న ఊహ రాదు కదా.

పాత డబ్బా ఎర్రది. దాని మీద లక్ష్మీదేవి, ఆవూ దూడా, రెండు నెమళ్ళు, జీడిపప్పులు, గులాబీలు, వీటన్నిటి మధ్యా ఊపిరాడనట్టు మా తాత ఫోటో ఉండేవి. నేను అన్నీ తీసేశాను. తెల్లటి డబ్బా, మధ్యలో సన్నటి గీతతో ఒకే ఒక్క జీడిపప్పు, కింద అంచున చిన్న అక్షరాల్లో కొట్టు పేరు. ఆ ఒక్క జీడిపప్పు వంపు కుదరడానికి వారం పట్టింది. మావయ్యకి ఆ తెలుపులోని ప్రశాంతత గురించి అరగంట చెప్పాను. ఆయన అంతా విని, "అంటే ఒక్క రంగేనా? అచ్చు సవగ్గా అయిపోద్దన్నమాట!" అని సంబరపడిపోయాడు. తాత ఫోటో మాటేమిటని మా అత్త మాత్రం అడిగింది. తాత మన మనసుల్లో ఉంటాడన్నాను. ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

డబ్బాలు వచ్చాక, జనం మెచ్చుకుంటూ ఉంటే చూద్దామని రెండు రోజులు మావయ్య కొట్లో స్టూలు వేసుకుని కూర్చున్నాను. మొదట వచ్చినావిడ డబ్బాని అటు తిప్పింది, ఇటు తిప్పింది, తలకిందులు చేసింది. "బొమ్మ ఏపునుందేటి బాబూ?" అని మావయ్యని అడిగింది. తరువాత వచ్చిన పెద్దాయన ఇదేటి, మందుల డబ్బానా అన్నాడు. పెళ్ళిచూపులకి పట్టుకెళ్ళడానికి వచ్చినవాళ్ళయితే అసలు ముట్టుకోలేదు. "శుభమా అని గుంటని సూడ్డానికెల్తా తెల్లడబ్బా అట్టుకెల్తామేటండీ?" అని నిలదీశారు. మావయ్య నా వైపు చూడకుండా కిందకి వంగి, బల్ల కింద దాచిన పాత ఎర్ర డబ్బాలు నాలుగు తీసి ఇచ్చాడు. నాకు తల కొట్టేసినట్టయింది. రెండో రోజు సాయంత్రం ఇంటికొచ్చేసి, తలనొప్పి అని చెప్పి ముసుగు తన్నాను.

తరువాత నెల్లాళ్ళూ ఆ కొట్టు ఊసే ఎత్తలేదు. ఫ్లెక్స్ అన్న దగ్గర బుద్ధిగా పావురాలు అతికించాను. ఇంజినీరింగు ఫీజు కట్టే గడువు దగ్గర పడుతోంది. ఒక ఆదివారం నాన్న చెప్పులు వేసుకుని, "పద, మాడుగులెల్లొద్దాం. అయిందేటో కల్లతో సూసీసి వద్దాం" అన్నాడు. వెళ్ళేసరికి కొట్టు నిండా జనం. మావయ్య లేడు, అత్త ఒక్కతే తూకం వేస్తోంది. ఏదో పెళ్ళివారు కాబోలు, మిగిలిన ఎర్ర డబ్బాలు వరసగా నింపించుకుంటున్నారు. నా తెల్ల డబ్బాలు పేర్చిన అరకేసి చూశాను. అర బోసిగా ఉంది. అన్నీ కట్టగట్టి అటక మీదకి ఎక్కించేసి ఉంటారనుకున్నాను. అత్త తల ఎత్తకుండానే, "మీ మావయ్య అచ్చాపీసుకెల్లేడే! ఊపిరాడ్డం నేదు, ఇంటికాడ కూకోండి, వచ్చీస్తాను" అంది. అచ్చాపీసుకి ఎందుకెళ్ళి ఉంటాడో వేరే చెప్పాలా? లక్ష్మీదేవి, నెమళ్ళు, తాత, అందరూ తిరిగొచ్చేస్తున్నారన్నమాట. "నాన్నా, ఎల్లిపోదాం" అన్నాను. ఆయన నన్ను బస్సు ఎక్కించాడు.

అది విశాఖపట్నం వెళ్ళే బస్సు. మాకు డ్రైవరు వెనకాల ముందు సీటు దొరికింది. నేను కిటికీలోంచి చెరకు తోటలు చూస్తూ, కళ్ళు ఎవరికీ కనపడకుండా కూర్చున్నాను. మాడుగుల దాటిన కాసేపటికి నాన్న నా మోచెయ్యి తట్టాడు. "అవి నీయి కావేటి?" అన్నాడు. డ్రైవరు పక్కన ఇంజను మూత మీద తెల్ల డబ్బాలు దొంతరగా పేర్చి తాడుతో కట్టి ఉన్నాయి. ఒక్క నిమిషం ఆనందం. వెంటనే ఒళ్ళు మండిపోయింది. నేను వారం రోజులు కష్టపడి వదిలిన ఆ తెలుపు నిండా ఎవరో లావాటి స్కెచ్ పెన్నుతో గిలికేశారు! "నాన్నా, పాడుసేసీసేరు!" అన్నాను. నాన్న నా మాట వినిపించుకోలేదు. ముందుకు వంగి, కూడబలుక్కుంటూ పైకి చదవడం మొదలుపెట్టాడు.

"గాజువాక. పెద్దోడికి. సిన్నోడికి సగం ఇచ్చీ. ఇచ్చేవని ఆడే నాకు ఫోన్ సెయ్యాల." బస్సులో ఎవరో నవ్వారు. తరువాతది: "అల్లుడుగారికి. సుగరుంది కాబట్టి సూసి తినమని మనవి." ఇంకో దాని మీద నా జీడిపప్పుకి రెండు కళ్ళు, గుబురు మీసాలు పెట్టి కింద "తాత" అని చిన్నపిల్లల అక్షరాలతో రాసి ఉంది. డ్రైవరు వెనక్కి తిరక్కుండానే చెప్పాడు: "ఇదివరకు ఎర్ర డబ్బాల మీద పెన్ను పడేది కాదు బాబూ. పేపరు సుట్టి, సీటీ దోపి ఇచ్చీవోరు. ఆ సీటీ కాస్తా ఎక్కడో రాలిపోయీది. ఎవులి హలవా ఎవులు తినీసీవోరో! ఇప్పుడు సుకంగా ఉంది. డబ్బా మీదే రాసీస్తన్నారు." మా చుట్టుపక్కల ఊళ్ళలో సగం ఇళ్ళవాళ్ళకి పిల్లలో తమ్ముళ్ళో విశాఖపట్నంలో ఫ్యాక్టరీ పనుల్లో ఉన్నారు. వాళ్ళకి హల్వా వెళ్ళేది ఈ బస్సుల్లోనే. నేను చూసిన రెండు రోజుల్లో పెళ్ళిచూపులవాళ్ళు వచ్చారు గానీ, బస్సుకి అందించేవాళ్ళ గురించి నాకు తట్టనే లేదు.

చోడవరం ఇంకా రాకుండానే మావయ్య ఫోన్ చేశాడు. నాన్న స్పీకరు పెట్టాడు. "ఒసే గుంటా! నీ తెల్ల డబ్బాలైపోయేయే! అచ్చాపీసులో ఉన్నాను, మళ్ళీ అవే ఎయ్యమంతన్నాను. పెల్లిల్లకి ఎర్రవీ కొన్ని ఎయ్యమన్నాననుకో. ఒక్క మాటడగాలి, ఏటీ అనుకోకు. ఆ మధ్యలో జీడిపప్పుంది సూడు, అది తీసీమంటావా? రాసుకోడానికి అడ్డొస్తందని అందరూ గోలెడతన్నారు."

డబ్బా మొత్తం మీద నేను గీసింది ఆ ఒక్క జీడిపప్పే. అది తీసేస్తే నాదంటూ ఏముంది? ఇది నా డబ్బా కిందకి వస్తుందా, రాదా? పందెం పోయినట్టా, నెగ్గినట్టా? నాన్న మొహంలోకి చూడడానికి భయం వేసింది. ఆయన బస్సు ఊపుకి ఊగుతూనే, "తీసీమనీ" అన్నాడు. "అది కాదు నాన్నా, అది తీసెస్తే నేనేసిన బొమ్మ ఉండదు" అన్నాను. "బొమ్మ పోతే పోనీ. నువ్వు వదిలిన కాళీ ఉంచమన్నారు కదా. అంత కాళీ వదలడానికి నాకైతే గుండె చాల్దు" అన్నాడు. డబ్బాల కేసి చూస్తూనే, "కాలేజీ ఫీజు ఎక్కడ కట్టాలో కనుక్కో" అన్నాడు. నేను బస్సులో అందరి ముందూ ఏడ్చేశాను. (పక్క సీటావిడ అత్తారింటికి వెళుతున్నాననుకుని నన్ను ఓదార్చింది.)

ఇప్పుడు నేను విశాఖపట్నంలో ఈ పని చేసుకునే బతుకుతున్నాను. వచ్చే కస్టమర్లందరూ ఆ ఖాళీలో ఏదో ఒకటి పెట్టమంటారు, నేను వద్దంటాను, కొన్నిసార్లు నెగ్గుతాను, ఎక్కువసార్లు పావురాలే నెగ్గుతాయి. కానీ ఏదైనా వదిలే ముందు, ఇక్కడికి ఎవరు ఏం రాసుకోవడానికి వస్తారు అని ఒక్కసారి ఆలోచిస్తాను. ఆ ప్రశ్న గడ్డం మాస్టారి పాఠాల్లో లేదు. అప్పటి ఆ ముసుగు తన్నిన పిల్ల కనిపిస్తే చెప్పాలని ఉంటుంది, తల్లీ, స్టూలు మీద ఇంకో రెండు రోజులు కూర్చోవలసింది అని. చెప్పినా వినే రకం కాదనుకోండి.

మావయ్య డబ్బా మీద ఇప్పుడు బొమ్మే లేదు, అంచున కొట్టు పేరు తప్ప. నాన్న మాడుగుల వెళ్ళినప్పుడల్లా నాకు బస్సులో ఒక డబ్బా పంపుతాడు. నా పేరు, వీధి పేరు పెద్దపెద్ద అక్షరాలతో రాస్తాడు. రాసి ఊరుకోడు. మధ్యలో కాస్త చోటు మిగుల్చుకుని ఒక జీడిపప్పు వేస్తాడు. ఆయన చేతిలో అది ఒకసారి చిక్కుడుకాయలా, ఒకసారి చెవిలా వస్తుంది. వంపు ఒక్కసారీ కుదరలేదు. ఇంతమంది బొమ్మలు దిద్దిన దాన్ని, అది మాత్రం దిద్దాలనిపించదు.