రెండు తలుపుల కారు

ఆ కారును క్రేన్ లారీ ముందు చక్రాలు పైకెత్తి, మల్కాపురం మెయిన్ రోడ్డు మీదుగా ఈడ్చుకొచ్చి, మా వీధి మొగలో దించేసి వెళ్లిపోయింది. అక్కణ్ణుంచి మా ఇంటి పక్కనున్న రేకుల షెడ్డు దాకా వీధిలో మగవాళ్లంతా కలిసి తోశారు. టైర్లలో గాలి లేదు. ఒంటి నిండా ఎన్నేళ్ల దుమ్మో పేరుకుపోయి అసలు రంగేమిటో తెలియడం లేదు. మా ఆయన లోపల స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. మా పెళ్లి ఫోటోల్లో కూడా అతని మొహం అలా వెలగలేదు.

అతను నా మేనమామ కొడుకు. చిన్నప్పట్నుంచీ బావా అనే పిలిచాను, పెళ్లయ్యాకా అదే పిలుపు.

“ఇదేటి బావా, తుక్కు తోలుకొచ్చినావ్?” అన్నాను.

“తుక్కేటే, ఇంగ్లండు బండి. పన్నెండు సిలిండర్లు దీనికి.”

“పన్నెండుంటే ఏటి, ఒక్కటీ పన్జెయ్యదు కదా.”

“సేత్తాది. సూద్దువు గానీ.”

మాది సముద్రం మీద వేటకెళ్లే కుటుంబం. అతని అన్నలిద్దరూ ఇప్పటికీ పడవ మీదే బతుకుతున్నారు. అతనికి మాత్రం వలల కంటే పడవ ఇంజన్ మీదే ధ్యాస ఉండేది. మీసాలు రాకముందే పోర్టు దగ్గర ఒక గ్యారేజీలో చేరి, అందులోనే మెకానిక్‌గా స్థిరపడ్డాడు. నేను చదువుకుని మున్సిపల్ స్కూల్లో తెలుగు పంతులమ్మనయ్యాను. మాకు పిల్లలు లేరు. ఆ విషయం ఇంట్లో ఇద్దరం ఎత్తేవాళ్లం కాదు.

ఆ కారును అతను మొదటిసారి చూసింది తొంభైలలో. ఊళ్లో ఓడల ఏజెన్సీ నడిపే ఒక పెద్దాయన దాన్ని లండన్ నుంచి తెప్పించుకున్నాడు. ఓడలోంచి దించే రోజున బ్యాటరీ బిగించి పెట్రోలు పోయడానికి గ్యారేజీ నుంచి మా బావను పంపారు. ఆ కథ నాకు ఎన్నిసార్లు చెప్పాడో. ముదురాకుపచ్చ కారు, రెండు చేతులూ బార చాచినంత పొడవు బానెట్, గాలిలో మెల్లగా తిరుగుతూ దిగుతుంటే బస్తాలు మోసేవాళ్లు బరువులు దించి నిలబడిపోయారట. “రెండే తలుపులేటి, మిగతా రెండూ దారిలో పడిపోనాయా?” అని ఎవరో అన్నారట. అది చెప్పిన ప్రతిసారీ కొత్తగా విన్నట్టు తనే నవ్వేవాడు.

పెద్దాయనా, ఆయన భార్యా ఆ కారులో చాలా దూరాలు తిరిగారు. పూరీ, బెంగళూరు, కొడైకెనాల్. ఇద్దరే వెళ్లేవారు. అది ఇద్దరి కోసం చేసిన కారు. వెనక సీటు ఉందంటే ఉంది, అందులో చంటిపిల్ల తప్ప ఎవరూ పట్టరు. ఆవిడ పోయాక ఆయన దాన్ని బంగళా వెనక షెడ్డులో పెట్టి తాళం వేశాడు. ఉప్పుగాలి దాని పని అది చేసింది. చాలా ఏళ్ల తరువాత, బంగళా ఖాళీ చేసే రోజుల్లో మా బావకు కబురు పెట్టాడు.

“ఇది ఓడ దిగినప్పుడు నువ్వే స్టార్ట్ చేశావు. నువ్వే తీసుకుపో. తుక్కుకి వెయ్యడం నా వల్ల కాదు,” అన్నాడట.

మా బావ దండం పెట్టి తెచ్చేసుకున్నాడు. కారు ఎవరి పేరున ఉందో, మార్పించుకోవాలో అక్కర్లేదో, ఆ రోజు ఎవరికీ తోచలేదు.

ఆ తరువాత మా ఆదివారాలన్నీ దానికే పోయాయి. వైర్లు ఎలకలు కొరికేశాయి. రబ్బరు పైపులు ముట్టుకుంటే పొడిగా రాలాయి. కొన్ని భాగాలు చెన్నై నుంచి వచ్చాయి, కొన్ని అతనే పడవ ఇంజన్ల సామాన్లలోంచి సాన పట్టి సరిచేసుకున్నాడు. పోర్టు వైపు నుంచి వచ్చే బొగ్గుపొడి పడకుండా నా పాత చీరలు రెండు పొరలు కుట్టి కప్పేదాన్ని. సీట్ల తోలు ఎండిన చెరువులా బీటలు వారింది. పాతూరులో సీట్లు కుట్టే భాయ్ ఒకాయన వచ్చి, ఎలా నూనె పట్టించాలో, విడిపోయిన కుట్లు మళ్లీ ఎలా వెయ్యాలో నేర్పి వెళ్లాడు. ఆయన చెప్పినట్టే సాయంత్రాలు పేపర్లు దిద్దడం అయ్యాక కూర్చుని కుట్టేదాన్ని. వెనక సీటు కుట్టేటప్పుడు మాత్రం మా బావ వచ్చి నా చేతిలోంచి సూది తీసుకున్నాడు.

“ఇది నాను కుడతానులే. నువ్వు టీ ఎట్టు,” అన్నాడు.

నేను లేచి వంటింట్లోకి వెళ్లాను.

డాష్‌బోర్డు చెక్కకు పాలిష్ పెడుతున్న రోజుల్లో అతని గొంతు బొంగురుపోవడం మొదలైంది. దుమ్మన్నాడు, పెయింటు వాసనన్నాడు. చుట్ట మానమంటే సగం చుట్ట కాల్చి సగం చెవి మీద పెట్టుకునేవాడు. వేసవి సెలవుల్లో నేనే బలవంతాన ఆసుపత్రికి తీసుకెళ్లాను. పెద్ద డాక్టరు నన్నొక్కదాన్నే లోపలికి పిలవలేదు, ఇద్దరినీ కూర్చోబెట్టే చెప్పాడు. గొంతులో క్యాన్సర్. స్వరపేటిక తీసెయ్యాలి. ప్రాణం ఉంటుంది, మాట ఉండదు. ఊపిరి మెడకు పెట్టిన రంధ్రంలోంచి పీల్చుకోవాలి.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. అతనన్నాడు, “నీకు బాగుంటాదిలే. ఇంట్లో రొద తగ్గుద్ది.”

ఆ మాటకు నాకు కోపమొచ్చింది. ఆసుపత్రి గేటు దాకా మాట్లాడకుండా ముందు నడిచాను. అతనికి మాటలు మిగిలిన రోజులే తక్కువని గుర్తొచ్చి మళ్లీ వెనక్కొచ్చి చెయ్యి పట్టుకున్నాను.

ఆపరేషన్ రోజు పొద్దున స్ట్రెచర్ మీద పడుకోబెట్టాక నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు. ఏదో పెద్ద మాట చెప్తాడనుకుని వంగాను.

“బ్యాటరీ తీగ ఊడదీసెయ్యి. అలాగే ఒగ్గేస్తే సార్జింగు దిగిపోద్ది,” అన్నాడు.

“అలాగే బావా,” అన్నాను. తలుపులు మూసుకున్నాయి. నేను విన్న ఆఖరి మాట అదే.

ఆ తరువాత మా ఇంట్లోకి ఒక పలక వచ్చింది. స్కూల్లో పిల్లలు వాడేదే. బావ చదివింది తక్కువ, రాత ఇంకా తక్కువ. కావలసిన రెండు మూడు ముక్కలు రాసి నా వైపు తిప్పేవాడు. ఒంట్లో కాస్త సత్తువ రాగానే మళ్లీ షెడ్డులోకి వెళ్లాడు. మెడకు పల్చటి నూలుగుడ్డ కట్టుకుని పని చేసేవాడు. పక్కింటివాళ్లు నన్నే తిట్టారు, ఆ మనిషి చేత పని చేయిస్తావా అని. ఆపడం నా వల్ల అయ్యే పని కాదు.

ఇంజన్ లేచిన రోజు నేను వంటింట్లో ఉన్నాను. ముందు గొలుసు లాగినట్టు ఒక చప్పుడు, ఒక దగ్గు, ఆ తరువాత సన్నగా, సాఫీగా, ఇంత పెద్ద ఇంజన్ ఇంత మెల్లగా పలుకుతుందా అనిపించేంత నెమ్మదైన శబ్దం. పరుగెత్తుకెళ్లాను. అతను బానెట్ మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. నోరు తెరుచుకుని ఉంది. కేక వేస్తున్నాడు. ఏ శబ్దమూ లేదు. మెడ దగ్గర గుడ్డ మాత్రం ఊపిరి గాలికి లేచి పడుతోంది.

ఆ రోజు ఏడ్చినంతగా నేను అతను పోయిన రోజు కూడా ఏడవలేదు.

ఆపరేషన్ వల్ల అతని మెడా భుజమూ తిరగడం లేదు. బండి నడపొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకని నాకు నేర్పాడు. గేర్లు వాటంతటవే మారే కారు కాబట్టి ఫరవాలేదని పలక మీద రాసి మరీ ఒప్పించాడు. ఆదివారం పొద్దున్నే స్టీల్ ప్లాంటు టౌన్‌షిప్ వైపు ఖాళీ రోడ్ల మీదికి వెళ్లేవాళ్లం. మాట లేదు కనుక డాష్‌బోర్డు చెక్క మీద వేలితో చెప్పేవాడు. ఒకసారి తడితే నెమ్మది, రెండుసార్లు తడితే బ్రేకు. అరచేత్తో చరిచాడంటే తిట్టు. మొదటి వారం చరుపులే ఎక్కువ. యాభై దాటిన వయసులో, అంత పొడవు బానెట్ వెనక కూర్చుని, ఎదురుగా వచ్చే సైకిల్‌ను చూసి కూడా వణికేదాన్ని. మెల్లగా చరుపులు తగ్గాయి. తరువాత తట్టడమూ తగ్గింది. ఒకరోజు పక్కకు చూస్తే కళ్లు మూసుకుని నిద్రపోతున్నాడు. దానికంటే పెద్ద మెప్పు నాకు ఎవరూ ఇవ్వలేదు.

దసరా సెలవుల ముందు పలక మీద ‘కలింగపట్నం’ అని రాసి చూపించాడు. ‘ళ’ రాయాల్సిన చోట ‘ల’ రాశాడు. పంతులమ్మ చేయి దిద్దబోయి ఆగిపోయింది. వాళ్లమ్మ పుట్టిల్లు అక్కడే.

అది మేము చేసిన ఒక్కగానొక్క ప్రయాణం. కారు కాగితాలు పాతవి, పోలీసులు ఆపుతారేమో అని నా భయం నాది. అతను కిటికీ దించి, గుడ్డ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, దారి పొడుగునా చూస్తూ కూర్చున్నాడు. శ్రీకాకుళం దాటాక టీ కోసం ఆగాం. చుట్టూ జనం మూగారు. టీ కొట్టాయన గ్లాసు అందిస్తూ మా బావను అడిగాడు.

“ఎవులిది బాబూ ఈ బండి?”

మా బావ గ్లాసు కింద పెట్టి, నా వైపు వేలు చూపించాడు.

“అమ్మగారిదా?” అన్నాడతను ఆశ్చర్యంగా.

మా బావ తల ఊపాడు. నేను సిగ్గుతో కారెక్కేశాను.

కళింగపట్నంలో లైట్‌హౌస్ దగ్గర ఇసుకలో కూర్చున్నాం. వాళ్లమ్మ తరఫు వాళ్లెవరూ ఇప్పుడు అక్కడ లేరు. చీకటి పడకముందే బయల్దేరాం. అంతే జరిగింది. ఇంకేమీ జరగలేదు. అంత బాగున్న రోజు నాకు మరొకటి గుర్తు లేదు.

చలికాలంలో జబ్బు తిరగబెట్టింది. ఈసారి ఊపిరితిత్తుల్లో. ఉగాది చూడలేదు. చివరి రోజుల్లో పలక పట్టుకునే సత్తువ కూడా లేక, నా చేతి మీద వేలితో తట్టేవాడు. ఒకసారి తడితే నీళ్లు, రెండుసార్లు తడితే పక్కకు తిప్పమని. ఒక మధ్యాహ్నం నీళ్లిచ్చాక కూడా తడుతూనే ఉన్నాడు. ఏం కావాలో నాకు అర్థం కాలేదు. చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఇప్పటికీ అర్థం కాలేదు.

ఓడల ఏజెన్సీ పెద్దాయన అంతకు ముందే పోయాడు. మా బావ సంవత్సరీకం కాకముందే ఆయన మేనల్లుడు మా ఇంటికొచ్చాడు. చెప్పులు బయట విడిచి, చెక్క కుర్చీ అంచున కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు. కారు ఇంకా మావయ్య పేరునే ఉందనీ, వారసులు నలుగురూ దాన్ని అమ్మి పంచుకోవాలంటున్నారనీ చెప్పాడు.

“సారు మా ఆయనకి ఇచ్చేశారు,” అన్నాను.

“నాకు తెలుసమ్మా. మావయ్య నాతో కూడా అన్నాడు. కానీ మిగతావాళ్లు వినడం లేదు. మీరు పడ్డ కష్టానికి ఏదో ఒకటి...”

“వద్దు బాబూ,” అన్నాను. “వచ్చి తీసుకెళ్లండి.”

పోట్లాడి ఉండాల్సిందని అతని అన్నలు ఇప్పటికీ అంటారు. పోట్లాడే మనిషి నాలో అప్పటికి లేదు.

కార్లు మోసే లారీతో వచ్చినవాళ్లకు అది స్టార్ట్ కాలేదు. తాళం ఒక్కసారే పూర్తిగా తిప్పేస్తున్నారు. కాసేపు చూసి నేనే వెళ్లాను. తాళం సగం తిప్పి, పెట్రోలు పంపు చప్పుడు ఆగే దాకా ఆగి, అప్పుడు పూర్తిగా తిప్పాను. లేచింది. లారీ వెనక వాలుగా వేసిన రెండు ఇనప పలకల మీదికి ఎక్కించాలంటే వాళ్లు తటపటాయించారు. నేను దిగలేదు. వీధంతా బయటికొచ్చి చూస్తోంది. ఎడమ సీటు ఖాళీగా ఉంది. నెమ్మదిగా ఎక్కించాను.

“దిగండమ్మా, బేగి,” అన్నాడు లారీ డ్రైవరు, గొలుసులు పట్టుకుని.

దిగాను. లారీ వీధి మలుపు తిరిగేటప్పుడు ఆకుపచ్చ బానెట్ ఒక్కసారి మెరిసింది. ఆ రోజు నాకు స్కూలుంది. మధ్యాహ్నం నుంచి వెళ్లి ఏడో తరగతికి సంధులు చెప్పాను.

ఇప్పుడు ఆ రేకుల షెడ్డులో పక్కింటాయన ఆటో పెట్టుకుంటున్నాడు. అడిగితే సరే అన్నాను. అతను తెల్లారకముందే చేపల రేవుకు పోతాడు. ఆటో స్టార్ట్ చేసే చప్పుడుకు నాకు మెలకువ వస్తుంది. కళ్లు తెరవకుండానే, “అప్పుడే ఎల్తన్నావేటి బావా,” అంటాను. తరువాత తెల్లారే దాకా పడుకునే ఉంటాను.