మల్లమ్మ అంచులో నాలుగో మోర్చా

భువనగిరిలో ఒక బ్యాంకు తలుపు దగ్గర తుపాకి పట్టుకుని నిలబడే భిక్షాన్ని చూసి, ఈయన పుస్తకం రాస్తున్నాడని ఎవరూ అనుకోరు. ముఖం అటువంటిది కాదు మరి. పాసుబుక్కు ప్రింటు కాలేదని అరిచే ముసలాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చే ముఖం అది. కానీ మధ్యాహ్నం తిని డబ్బా మూత పెట్టగానే జేబులోంచి మడత కాగితాలు బయటికొచ్చేవి. బ్యాంకు వాళ్లు పారేసిన ఫారాల వెనకవైపు, గుండ్రటి అక్షరాలతో, భిక్షం యుద్ధం రాసేవాడు.

పట్టాలంలో ఇరవై ఏళ్లు చేసి, తెలంగాణ వచ్చిన యేడే హవల్దారుగా ఇంటికొచ్చాడు. ఆ ఇరవై ఏళ్ల సంగతి ఎవరడిగినా చలి, పరేడు, చపాతీ అని మూడు మాటల్లో తేల్చేస్తాడు. అందులో ఒక మూడు రోజుల గురించి మాత్రం అడగకపోయినా చెబుతాడు. పదిహేనాగస్టుకు ఊళ్లో బడిపిల్లలకు చెబుతాడు. పెళ్లిళ్లలో పక్క విస్తరి వాడికి చెబుతాడు. ఒకసారి పన్ను పీకించుకోవడానికి పోయి, నోట్లో దూది పెట్టేదాకా డాక్టరుకు చెప్పాడు.

ఆ మూడు రోజులు కార్గిల్ యుద్ధంలోవి. అప్పుడు భిక్షానికి పాతికేళ్లు. శత్రువు పైన కూర్చున్న ఒక గుట్ట కిందికి ఐదుగురిని పంపారు. వాళ్ల పని కొట్లాట కాదు. బండల సందుల్లో పడుకుని, పైన ఎన్ని మోర్చాలున్నాయో చూసి వెనక్కి రావడం. మోర్చా అంటే రాళ్లు పేర్చి కట్టిన గూడు, దాంట్లోంచి తుపాకి మూతి ఒక్కటే బయటికి కనిపిస్తుంది. ఒక్క తూటా కాల్చినా వచ్చిన పని చెడినట్టే. బిస్కెట్టు కూడా కరకరమనకుండా నోట్లో నానబెట్టుకుని మింగారు. దగ్గొస్తే చేతి తొడుగు నోట్లో కుక్కుకున్నారు. కాగితం, పెన్సిలు అసలే కూడదు. పట్టుబడితే శత్రువుకు చదువుకోవడానికి ఏమీ దొరకకూడదు కదా.

మిగతా నలుగురూ చూసింది బుర్రలో పెట్టుకున్నారు. భిక్షం మాత్రం దారానికి ముడివేశాడు. అది వాళ్లింటి చదువు.

వాళ్లది భువనగిరి పక్క ఊళ్లో మగ్గం ఇల్లు. నేయకముందే నూలుకు అక్కడక్కడ రబ్బరు చుట్టి రంగులో ముంచితే, చుట్టిన చోట తెల్లగా మిగిలి, నేసేటప్పుడు బొమ్మయి తేలుతుంది. చిటికి కట్టడం అంటారు దాన్ని. ఆ బొమ్మను అందరూ గళ్ల కాగితం మీద గీసుకుంటే, భిక్షం తండ్రి గండయ్య మాత్రం దారం మీద ముడులు వేసి భార్య మల్లమ్మ చేతికిచ్చేవాడు. ముడి ఉన్న చోట కట్టు, సందున్న చోట సందు. గళ్ల కాగితం చూస్తే కళ్లు తిరిగే మల్లమ్మ, దారమిస్తే ఒక్క పోగు తప్పకుండా కట్టేది. తన పెళ్లిచీర బొమ్మ కూడా గండయ్య అలాగే ముడులేసి పంపాడని చెప్పుకుని ఇప్పటికీ మురిసిపోతుంది. భిక్షం అక్షరాల కంటే ముందు ముడులు చదవడం నేర్చాడు.

గుట్ట కింద ఆయన జేబులో ఉన్నది కూడా అమ్మ దారమే. ఆ ఎండాకాలం మల్లమ్మ పంపిన మామిడికాయ తొక్కు సీసా మూతికి గుడ్డ చుట్టి కట్టిన నూలు అది. మోర్చాకు పెద్ద ముడి, కనిపించిన మనిషికి చిన్న ముడి. కిందికి దిగేసరికి పెద్ద ముడులు నాలుగయ్యాయి. దీపం లేని గుడారంలో ఆఫీసరు ముందు నిలబడి, జేబులో వేళ్లతో తడుముకుంటూ చెప్పాడు. మూడు మోర్చాలు ఎదురుగా. నాలుగోది పెద్ద బండ వెనక, మూతి పక్కకు తిప్పి ఉంది. ఆ నాలుగోది తెలియకుంటే మనవాళ్లు సరిగ్గా దాని నోటికే ఎదురు పోయేవారు. తెలిసింది కాబట్టి ఇంకో వైపు నుంచి ఎక్కారు, గుట్ట మనదైంది. ఆఫీసరు భుజం తట్టి, నీవి డేగ కళ్లన్నాడు. ఆ మాట భిక్షం గుండెలో ఇప్పటికీ వెచ్చగానే ఉంది.

ఆ ఐదుగురిలో ఇద్దరు కాలం చేశారు, ఒకరి జాడ తెలియదు. మిగిలింది ఇస్రాయేలు. అమ్రాబాద్ వైపు మనిషి, ఇప్పుడు షాద్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీ గేటు కాపలా. గుట్ట దిగిన రోజే కాలి వేళ్లు మంచుకు నల్లబడి సరాసరి దవాఖానకు పోయాడు కాబట్టి, గుడారంలో రిపోర్టు వేళ ఆయన లేడు. అప్పటి నుంచి ఇద్దరూ ఎక్కడున్నా ప్రతి ఆదివారం మాట్లాడుకునేవారు. ఉత్తరాలు పోయి ఫోన్లు వచ్చినా ఆదివారం మాత్రం తప్పలేదు.

తప్పింది పుస్తకం వల్ల. డిగ్రీ చదువుతున్న కూతురు హారిక ఆ మూడు రోజుల కథ టైపు చేసి ఇస్రాయేలు ఫోనుకు పంపింది. పంపేముందే నవ్వింది కూడా.

"బాపు, గీ ఒక్క పేజీల తొమ్మిదిసార్లు 'నేను చూసిన' అని రాసినవ్. జర తగ్గియ్యరాదు?"

"చూసినోడు చూసిననే రాస్తడు. నువ్వు పంపు."

సాయంత్రానికి ఇస్రాయేలు ఫోను.

"కథ మంచిగున్నది భిక్షం. గని నాలుగో మోర్చా చూసింది నేను. పొద్దుగాల నా కావలి వంతుల చూసి, నీ జబ్బ గిల్లి లేపి చూపెట్టిన. నువ్వు నిద్రమబ్బుల ఉన్నవ్."

"ఏం మాట్లాడుతున్నవ్‌రా? నా రెండు కండ్లతోని చూసిన."

"చూసినవ్. నేను చూపెట్టినంక చూసినవ్."

"ముడేసింది నేను!"

"ఇన్నేండ్ల సంది బడి పిల్లలకు చెప్పుకుంటున్నవని తెలుసు. పోనీలే అనుకున్న. గని అచ్చేస్తే గదే నిజమైతది గదా. ఆ గుట్టకు నా కాలి వేళ్లు రెండు ఇచ్చిన. బదుల్ నాకు దక్కింది గా మోర్చా ఒక్కటే. నన్ను ఒక్క మాట అడగకుండ గది కూడ ఎత్తుకపోతున్నవ్. నీ పుస్తకం నీకే ముబారక్."

ఫోను పెట్టేశాడు. ఎనిమిది నెలలు గడిచాయి. ముప్పైకి పైగా ఆదివారాలు దాటిపోయాయి. భిక్షం ఫోను చేతిలోకి తీసుకోవడం, అవతల పెట్టడం, చెప్పులు తొడుక్కోవడం, విప్పడం. ఇస్రాయేలు మాట ఒప్పుకుంటే తన బతుకులోని మూడు రోజుల్లో మిగిలేదేమిటి? ఒప్పుకోకుండా అచ్చేస్తే, ఆ మూడు రోజులు తెలిసిన ఒకే ఒక్క మనిషి పోతాడు. సోమవారం ప్రెస్సుకు కాగితాలివ్వాలి. శుక్రవారం దాకా ఎటూ తేలలేదు.

శుక్రవారం సాయంత్రం మల్లమ్మ మగ్గం పక్కన కూర్చుని కండెలు చుడుతుంటే అడిగాడు.

"అవ్వా, లడాయి అయినంక దసరాకు సెలవు మీద వచ్చిన యాదికున్నదా? నా ప్యాంటు జేబుల ముడుల దారం ఒకటుండె. ఉతుకుల్ల పోయింది కావచ్చు. గది ఉంటే నా మాట నిలబడుతుండె."

"గా పోగా? యాడికి పోతది? నేసిన."

భిక్షం ఆమె చేతిలోని కండెను పట్టి ఆపాడు.

"నేసినవా?"

"నేయక? నీకప్పుడు సుమనతోని పెండ్లి కుదిరిండె. మీ బాపు నా చీరకు ముడులేసి పంపినట్టే, నువ్వు గూడ పిల్ల చీరకు బొమ్మ కట్టుకొచ్చినవనుకున్న. నోరు తెరిచి చెప్పెతందుకు సిగ్గుపడుతున్నడు నా కొడుకు, అనుకొని నేనే తీసుకున్న. నా నూలే గదా, పోల్చుకోనా? మంచిగ కుదిరింది బిడ్డా. వాడకట్టంత గదే నేసిండ్రు. మల్లమ్మ అంచని పేరు పడ్డది."

మల్లమ్మ అంచు! పెద్ద ముడులు వరుసగా నాలుగు గోపురాలయ్యాయి, చిన్న ముడులు వాటి చుట్టూ చుక్కలు. భిక్షం అక్కడే చతికిలబడ్డాడు. కాగితం మీద పెట్టకూడదని, పట్టుబడితే మింగేయాలని అనుకున్న సైనిక రహస్యం, ఇరవై ఏళ్లుగా భువనగిరి బట్టల దుకాణాల ముందు బొమ్మలకు చుట్టి వేలాడుతోంది. దాన్ని కట్టుకుని ఆడవాళ్లు పేరంటాలకు పోతున్నారు. మోర్చాల మధ్య ఎడం కూడా మల్లమ్మ ఒక్క పోగు తప్పించలేదు.

తేరుకున్నాక ఒక సంగతి తట్టింది. అంచులో నాలుగూ తన చేతి ముడులేనని తేలితే, నాలుగో మోర్చా కూడా తను చూసిందే. బ్యాంకులో క్యాషియరమ్మకు ఆ అంచు చీర ఉంది, శనివారం తప్పకుండా కట్టుకొస్తుంది. మర్నాడు ఆమె రాగానే భిక్షం తుపాకి చంకలో పెట్టుకుని వంగి మరీ చూశాడు. నాలుగు గోపురాలూ ఒకే తెలుపు, ఒకే కొలత. నాలుగూ ఒక చేతి ముడులే!

"ఏంది భిక్షమన్నా, చీర గట్ల చూస్తున్నవ్? ఏమన్న అంటిందా?" అని ఆమె కుచ్చెళ్లు దులుపుకుంది.

"లేదు మేడం. సాక్ష్యం చూస్తున్న."

ఆ రోజంతా ఆయన కాలు నేల మీద లేదు. ఇస్రాయేలుతో ఎలా మాట్లాడాలో, ఎక్కడ పెద్దరికంగా ఆగి క్షమించాలో కూడా అనుకున్నాడు. ఇంటికొచ్చి చెబితే సుమన అన్నం వడ్డిస్తూ మధ్యలోనే ఆపింది.

"గవన్ని నకల్లు. అసలుది నా పెట్టెల ఉన్నది. అండ్ల నాలుగోది తెల్లగుండది."

పెళ్లిచీర తీసి మంచం మీద పరిచింది. మూడు తెల్లటి గోపురాలు. నాలుగోది ఆకుపచ్చ. మళ్లీ మూడు తెలుపు, ఒకటి పచ్చ. కొంగు దాకా అలాగే పోయింది.

"గిదేంది అవ్వా? గీ పచ్చ ఎందుకు పెట్టినవ్?"

"నేనెందుకు పెడత? నీ పోగుల నాలుగో ముడి దగ్గర పచ్చ ఊలు కట్టి ఉండె. ఎట్లుంటే అట్లే నేసిన. గా ఒక్క దాని కోసం ఇంకోపారి కట్టి ఇంకోపారి రంగుల ముంచాలె, తిప్పలు. అందుకే వాడకట్టోళ్లు ఇడిసిపెట్టి అన్ని తెల్లగనే నేసిండ్రు."

పచ్చ ఊలు. ఇస్రాయేలు మేజోడు! మడమ దగ్గర చినిగి పోగులు వేలాడుతుంటే మూడు రోజులూ ఐదుగురూ చప్పుడు లేకుండా నవ్వుకున్న మేజోడు అది. చలికి కొంకర్లు పోయిన వేళ్లతో నూలు ముడి పడక, ఇస్రాయేలు తన మేజోడు పోగు తెంపి, నిద్రలో ఉన్న భిక్షం చేతిలోని దారానికి కట్టాడన్నమాట. కట్టి, జబ్బ గిల్లి లేపాడన్నమాట. ఆ గిల్లుడు ఇన్నేళ్ల తర్వాత భిక్షానికి ఇప్పుడు చురుక్కుమంది. గుడారంలో చీకటి. ఆ తర్వాత దాడి. దారం వంక మళ్లీ చూసిందే లేదు. వేలికి నాలుగో ముడి లావుగా తగిలితే, తన వేళ్లే మొద్దుబారాయనుకున్నాడు.

భిక్షానికి సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకాలే, ఎందుకో తెలియదు, గుండె తేలికయింది. అప్పటిదాకా బిగపట్టి మోస్తున్నది దించేసినట్టుంది. కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

"సుమనా, శత్రువు మోర్చాలు చుట్టుకొని పెండ్లిపీటల మీద కూసున్నవ్ గదనే!"

"గందుకే నీకు గింత భయమున్నది నేనంటే" అంది సుమన.

ఆదివారం పొద్దున భిక్షం చీర మడిచి సంచిలో పెడుతుంటే సుమన అడ్డం తగిలింది. తన చీర తను లేకుండా గడప దాటదట. ఇద్దరూ మూడు బస్సులు మారి షాద్‌నగర్ చేరారు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర నీలం చొక్కాలో ఇస్రాయేలు, ముందు బల్ల మీద వచ్చిపోయే వాళ్ల రిజిస్టరు. భిక్షాన్ని చూసి లేవలేదు. సుమనకు మాత్రం కుర్చీ జరిపాడు.

"కూసో చెల్లె." తర్వాత భిక్షం వైపు తిరిగి, "పేరు?" అన్నాడు.

"తెల్వదా?"

"రూలు. పేరు?"

"హవల్దార్ భిక్షం."

"ఎవల్ని కలవాలె?"

"ఇస్రాయేలును."

"ఏం పని?"

భిక్షం మడమలు కలిపి నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు. లోపలికి పోతున్న లారీ డ్రైవరు బండి ఆపి మరీ చూశాడు.

"రిపోర్టియ్యాలె. ఇరువై నాలుగేండ్లు ఆలస్యమైంది. ఎదురుంగ మూడు మోర్చాలు, గవి నేను చూసిన. పెద్ద బండ ఎనక నాలుగోది. గది ఇస్రాయేలు చూసిండు. చూసి నన్ను లేపిండు."

ఇస్రాయేలు కలం ఆగింది. సుమన చీర తీసి రిజిస్టరు మీదే పరిచి, అంచులో పచ్చ గోపురం మీద వేలు పెట్టింది. మల్లమ్మ చేసిన పనంతా భిక్షం చెప్పుకొచ్చాడు. ఇస్రాయేలు వింటూ, ఆ పచ్చను బొటనవేలితో నిమిరాడు. ఒక కొస నుంచి మొదలుపెట్టి పచ్చవన్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

"నా మేజోడు" అన్నాడు చివరికి. ఆ పోగు కట్టిన సంగతి ఆయనే మరిచిపోయాడు. "చెల్లె, నువ్వు నా మేజోడు కట్టుకొని పెండ్లి చేసుకున్నవా?"

సుమన పగలబడి నవ్వింది. ఇస్రాయేలు నవ్వబోయి ఏడ్చాడు, ఏడుస్తూనే లేచి బల్ల ఇవతలికి కుంటుకుంటూ వచ్చి భిక్షాన్ని పట్టుకున్నాడు. ఇద్దరు పాత సిపాయిలు అలా పట్టుకుని ఊగుతుంటే లారీ డ్రైవరు హారను కొట్టడం కూడా మరిచిపోయాడు.

"అచ్చేసెటప్పుడు గా ముక్క మారుస్త. 'నేను చూసిన' తొమ్మిదికి తొమ్మిది కొట్టేస్త" అన్నాడు భిక్షం.

"ఒకటుంచుకో. నేను చూపెట్టినంక నువ్వు కూడ చూసినవ్ గదా" అన్నాడు ఇస్రాయేలు.

భోజనానికి ఇంటికి పోదామని బయల్దేరబోతూ ఇస్రాయేలు రిజిస్టరు దగ్గర ఆగాడు. భిక్షం పేరు పక్కన 'వచ్చిన పని' అన్న గడి ఖాళీగా ఉంది. కలం తీసుకుని, వంకర అక్షరాలతో ఒత్తి ఒత్తి రాశాడు: నాలుగో మోర్చా వాపసు తెచ్చిండు.