బందెలదొడ్డి తలుపు

సార్డీనియా కొండల్లోని ఆ ఊరి పంటకూ మందకూ ఇరవై రెండేళ్లు కాపలా కాసినవాడు అంటియోగు. ఒకరి గొర్రెలు ఇంకొకరి ద్రాక్షతోటలో పడితే బందెలదొడ్డికి తోలేవాడు. దొంగలు పడితే జాడ పట్టుకుని ఏరు దాటేవాడు. సొంత తమ్ముడి మేకలనే దొడ్డిలో పెట్టిన మొండిఘటం. అంతటివాడూ ఒక్కడిని మాత్రం కళ్లు మూసుకుని నమ్మాడు. వాడు బచీసు, అంటియోగు కొడుక్కి బాప్తిస్మంలో జ్ఞానతండ్రిగా నిలిచినవాడు. ప్రతి ఆదివారం ఇద్దరిదీ ఒకే బల్ల, ఒకే రొట్టె, ఒకే జున్నుముద్ద. ఆ వారం తాను ఏ రోజు ఏ దిక్కున కాపలా తిరుగుతాడో అంటియోగు మాటల్లో మాటగా చెప్పేసేవాడు.

ఆ వసంతంలో మడ్డలేనా అనే ముసలామె గొర్రెలు తొమ్మిది పోయాయి. ఆమెకున్నవే పాతిక.

"నువ్వుండగా ఇదేం అన్యాయం నాయనా?"

"తెచ్చిస్తానత్తా. తేలేకపోతే ఇది విప్పేస్తా" అంటూ రొమ్ము మీది ఇత్తడి కాపలా బిళ్ల తట్టాడు.

నాలుగో రోజు ఎవరి బార్లీ చేలోనో తొమ్మిది గొర్రెలు పడ్డాయి. దొడ్డికి తోలి చెవులు చూశాడు. ఆ ఊళ్లో ఇంటికో చెవిగుర్తు. మడ్డలేనా గొర్రెలకు చెవి కొసన చీలిక. వీటికి కొసలే లేవు. అది బచీసు గుర్తు, గాటింకా పచ్చిగానే ఉంది. చీలికతో సహా కొస కోసేశాడన్నమాట.

సాయంత్రం బచీసు నవ్వుతూ వచ్చాడు. "మావే బావా, కంచె దూకి పోయాయి. ఇచ్చెయ్, తోలుకుపోతా."

అప్పటికి ఊరు సగం చేరింది. అంటియోగు తలుపు బార్లా తీశాడు.

"నువ్వు తోలకు. వాటి దారిన వాటిని పోనీ."

పాలు పితికే వేళ. గొర్రెలు బచీసు వైపు చూడనైనా చూడలేదు. వరసగా మడ్డలేనా ఇంటిదారి పట్టాయి.

"ఎంత పని చేశావురా!" అన్నాడు అంటియోగు.

"ఆ రోజు ఏటి అవతల కాపలా ఉంటానని నువ్వే చెప్పావుగా" అని గొణిగాడు బచీసు. ఆ సిగ్గులేని ముఖంలో కాస్తయినా పశ్చాత్తాపం లేదు.

అంటియోగు బిళ్ల విప్పి ముసలామె చేతిలో పెట్టాడు.

"తెచ్చిచ్చావుగా, మళ్లీ ఇదెందుకు నాయనా?"

"దొంగకు దారి చెప్పింది నేనేనత్తా. నా చేత్తో రొట్టె తుంచి పెడుతూ మరీ చెప్పాను."