పైగూడ కేక

మా గెడ్డ ఎండలో వస్తుంది. ఈ మాట చెబితే సాలూరు వాళ్లు నవ్వుతారు. వాళ్ల లెక్కలో వరదంటే రోజుల తరబడి ముసురు పట్టాలి, ఏరు నిండాలి, బస్సులు ఆగాలి. మా కొండవాగు సంగతి అలా కాదు. ఊళ్లో బట్టలు ఆరేసుకునేంత ఎండ కాస్తూ ఉంటుంది. పైన కొండ నెత్తిన ఎక్కడో వాన కొడుతుంది. ఆ నీళ్లన్నీ బండల సందున కూడి, కొమ్మల్నీ రాళ్లనీ దొర్లించుకుంటూ ఒక్కసారిగా దిగుతాయి. మోకాలి లోతులో నిలబడ్డ మనిషికి తలెత్తి చూసే వ్యవధి కూడా ఉండదు. కాసేపటికి మళ్లీ ఏమీ ఎరగనట్టు సన్నగా పారుతుంది. ఆ నంగనాచి వాలకం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అందుకే మాకు కేక ఉండేది. గెడ్డ పుట్టే చోటికి దగ్గరగా కొండవాలున కొన్ని ఇళ్లుండేవి. దాన్ని పైగూడ అనేవాళ్లం. మా అమ్మ పుట్టిల్లు అదే. అక్కడి పెద్ద బండ మీంచి నీళ్లు ఎర్రగా దూకడం కంటపడితే, చూసిన మనిషి చేతిలో పని వదిలేసి అంచుకొచ్చి, నోటికి రెండు చేతులూ ఆనించుకుని కేకెయ్యాలి. కింద మేము విని బదులు పలకాలి. బదులు వినబడేదాకా పైనున్న మనిషి కేక ఆపకూడదు, అన్నం ముందు కూర్చోకూడదు. విన్నాక మేము మా కిందున్న ఊరికి కేకెయ్యాలి. ఎవరు పెట్టారో తెలీదు గానీ అది తప్పిన రోజు లేదు. మా నానమ్మ చిన్నతనంలో గెడ్డ దారి మార్చుకుని ఎద్దులతో సహా పశువుల శాలని ఊడ్చుకుపోయిందట. ఊరి చివర పనసచెట్టు కొమ్మల్లో అప్పుడు చెత్త పట్టిన ఎత్తు చూపించి, కేక ఆనాటి నుంచే మొదలైందని చెప్పేది. కాదు, అంతకుముందు నుంచీ ఉందని ఊళ్లో ముసలాళ్లు ఆవిడతో వాదన పెట్టుకునేవారు.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ కేకేసేది మా మేనమామే. అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. అసలైతే ఊరందరికీ కలిపి కేకెయ్యాలి. ఆయన మాత్రం "అప్పో! గెడ్డొచ్చేత్తందే!" అని అమ్మనే పిలిచేవాడు. మా వైపు అప్ప అంటే అక్క. అమ్మ పొయ్యి దగ్గరున్నా, పశువుల దగ్గరున్నా బయటికి పరిగెత్తి, కొండకేసి చూసి "ఇన్నాన్రా తమ్ముడో!" అని పలికేది. సంతలో మావ కనబడితే చాలు, మా ఊరివాళ్లు ఆటపట్టించేవారు.

"మీ యప్పకేనేటి గెడ్డొచ్చేది? మాకు రాదేటి?"

"మా యప్ప గొంతొక్కటే కొండెక్కుతాది. మీయన్నీ పీల గొంతులు" అని మావ మూతి తిప్పుకునేవాడు.

అమ్మది నిజంగానే పెద్ద గొంతు. ఇంట్లో నన్ను తిడితే అవతలి ఒడ్డున చేలో ఉన్న నాన్నకి వినబడేది. కానీ తమ్ముడికి బదులు పలికేటప్పుడు ఆ గొంతులో వేరే ఏదో ఉండేది. నిచ్చెనలాంటి ఆ దారిలో పుట్టింటికి వెళ్లిరావడం వయసు మీదపడ్డాక అమ్మ వల్ల కాలేదు. వానాకాలమంతా పుట్టింటి నుంచి ఆవిడకి చేరే మాట ఆ కేకొక్కటే. అందుకే గెడ్డ వస్తోందన్న కబురుకి కూడా మా అమ్మ మొహం వెలిగేది.

పైగూడకి రోడ్డు లేదు. మావ కోడలికి నొప్పులొస్తే డోలీ కట్టి మోసుకుంటూ దిగారు. సగం దారిలోనే ఆ పిల్ల పోయింది, కడుపులో బిడ్డతో సహా. డోలీ మోసిన భుజాల్లో మావదొకటి. ఆ తర్వాత పైగూడలో ఎవరికీ అక్కడ ఉండబుద్ధి కాలేదు. కిందన రోడ్డు పక్క కాలనీలో ఇళ్లిస్తామంటే అందరూ దిగిపోయారు. దిగడం తప్పని నేను అనను. అన్నవాళ్లతో పోట్లాడాను కూడా. మావ కొత్తింట్లో అడుగుపెట్టిన రోజు అమ్మ ఉతికిన చీర కట్టుకుని వెళ్లి, గుమ్మానికి పసుపు రాసి, పెరట్లో కుళాయి తిప్పి చూసి చిన్నపిల్లలా నవ్వింది. కట్టేసింది, మళ్లీ తిప్పింది.

"ఏటే అప్పా, ఇరగ్గొట్టీసేలా ఉన్నావు" అని మావ గసిరాడు. అందరం నవ్వుకున్నాం. పైన ఇళ్లు ఖాళీ అయ్యాయని అక్కడున్న ప్రతివాళ్లకీ తెలుసు. ఇక కేకేసే మనిషి కూడా లేడన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు.

ఆ ఏడాది వానలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం అమ్మా నాన్నా అవతలి ఒడ్డున చోడి చేలో కలుపు తీసి ఇంటికి వస్తున్నారు. నేను ఊళ్లో అంగన్‌వాడీలో పనిచేస్తాను. అప్పుడు పిల్లలకి గుడ్లు ఒలుస్తున్నాను. ముందుగా నాన్న గెడ్డ దాటాడు. అమ్మ నడిమధ్యలో ఆగి, కలుపు తీసే గొప్పుకి అంటిన మట్టి కడగడానికి వంగింది. కొండ మీద మబ్బు నల్లగా కమ్ముకుని ఉంది.

"బేగి రాయే, మబ్బు సూడు" అన్నాడట నాన్న.

"మా తమ్ముడు కేకెయ్యనేదు కదేటి. ఏటంత తొందర?" అందట అమ్మ, తలెత్తకుండానే.

నాన్నకీ ఆ మాట సబబుగానే తోచింది. నిజమే, కేక రాలేదు కదా అనుకుని, చుట్ట ముట్టించడానికి అగ్గిపెట్టె తీశాడు. ఆ వేళకి తమ్ముడు కాలనీలో రేకుల వసారా కింద కూర్చుని ఉన్నాడు. అక్కడికి గెడ్డ కనబడదు, వినబడదు. మొన్న వేసవిలో ఆ ఇంటి గుమ్మానికి పసుపు రాసింది అమ్మే. అయినా కొండ పలకలేదంటే నీళ్లు మంచివేనని పుట్టిన దగ్గర్నుంచీ నమ్మిన చెవులు ఆవిడవి. నాన్నవీ అంతే. ఆ చోట నేనున్నా అలాగే అనుకుని ఉండేదాన్ని.

చప్పుడు నాకూ వినిపించింది. ఒలుస్తున్న గుడ్డు వదిలేసి పరిగెత్తాను. నేను వెళ్లేసరికి నాన్న ఒడ్డున అగ్గిపెట్టె పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు.  చుట్టూ ఎండ కాస్తోంది.

అమ్మ కింది ఊరి దగ్గర రాళ్ల మధ్య దొరికింది. కొంగు ఒక వేరుకి చుట్టుకుని ఉండబట్టి దొరికింది, లేకపోతే అదీ లేదు. మర్నాడు రోడ్డు మీదికి వచ్చేసరికి నా ఫోనుకి సిగ్నల్ తగిలి మెసేజ్ మోగింది. వాగులు పొంగే అవకాశం ఉందట, అప్రమత్తంగా ఉండాలట. ఫోను రాయికేసి కొట్టాలనిపించింది. విచారణకి వచ్చిన ఒకాయన, మబ్బు కనబడుతుంటే గెడ్డలో ఎందుకు ఆగారని అడిగాడు. 

"కేక రాలేదు సార్" అన్నాను నేను.

"ఎవరి కేక?" అన్నాడాయన. చెప్పబోయాను. ఏడుపొచ్చేసింది.

మావ అమ్మ దగ్గరికి రాలేకపోయాడు. దూరంగా తడి నేల మీద కూలబడి తల బాదుకున్నాడు. "నాను కొండ దిగీసినాను. మా యప్పని నానే సంపీసినాను" అని అదే మాట. ఆయన్ని లేవదీద్దామని వెళ్లిన నాన్న, లేవదీయలేక తనూ పక్కనే కూర్చుండిపోయాడు.  నాకు ఇద్దరి మీదా కోపం రాలేదు. ఎవరి మీదైనా కోపం వస్తే బాగుండునని మాత్రం అనిపించింది.

మరుసటి ఏడు మృగశిర రాగానే మావ కొడుకు మా ఇంటికి వచ్చాడు. తండ్రి బియ్యం మూట, గొంగళి పట్టుకుని పైగూడకి వెళ్లిపోయాడనీ, కూలిన ఇంటి మీద తాటాకు కప్పుకుని ఒక్కడే ఉంటున్నాడనీ, ఎంత బతిమాలినా దిగనంటున్నాడనీ చెప్పి, మమ్మల్ని వెళ్లి నచ్చజెప్పమన్నాడు. నాన్న సరే అన్నాడు గానీ వెళ్లలేదు.

ఆ వారంలోనే, అన్నాల వేళ, కొండ పలికింది.

"అప్పో! గెడ్డొచ్చేత్తందే!"

నేను వాకిట్లోకి పరిగెత్తాను. బట్టలు ఉతుకుతున్న ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని ఒడ్డెక్కారు. ఊరంతా బయటికొచ్చి "ఇన్నాం! ఇన్నాం!" అని పలికింది. కింది ఊరికీ కేక అందించారు. కొంచెంసేపటికే గెడ్డ ఎర్రగా, మానులు మోసుకుంటూ వచ్చింది. ఒక్క మనిషి కూడా నీళ్లలో లేడు. పైన కేక మాత్రం ఆగలేదు. అదే పిలుపు, మళ్లీ మళ్లీ అదే పిలుపు. గొంతు బొంగురుపోతోంది. పెద్దాయనకి చెవుడొచ్చిందేమోనని ఎవరో అన్నారు.

"సెవుడు కాదు" అన్నాడు నాన్న. "దాని పలుకు కోసం సూత్తన్నాడు." తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వు పలకవే గుంటా. మీయమ్మ గొంతు నీకే ఒచ్చింది."

మేనమామని తమ్ముడా అని ఎలా పిలవను?  పైన ఆ ముసలి గొంతు చీలికలవుతోంది. ఇక భరించలేక గెడ్డ గట్టు మీదికి వెళ్లి, అమ్మ నిలబడే చోటే నిలబడి, ఉన్న బలమంతా పెట్టి అరిచాను.

"ఇన్నాన్రా తమ్ముడో!"

కేక ఆగింది. ఇక మావ వెళ్లి అన్నం తినొచ్చు.