ఆ పూట తినని కూర

ఇప్పుడు నూజివీడు కొట్లలో పుట్టగొడుగులు ప్లాస్టిక్ డబ్బాల్లో ఏడాది పొడవునా దొరుకుతున్నాయి. తెల్లగా, గుండ్రంగా, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. నాకు మాత్రం పుట్టగొడుగులంటే కాయ కోత అయిపోయి, లారీల రొద తగ్గి, తోట ఊపిరి పీల్చుకునే రోజుల్లో, తొలకరి ఉరుములకి చెదపుట్టల పక్కన లేచేవే.

రెడ్డిగూడెం దారిలో ఉన్న మా మామిడి తోటలో వాటి జాగాలు అమ్మకే తెలుసు. రాత్రి ఉరిమిందంటే తెల్లారేసరికి చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని బయల్దేరేది. గొడుగు విచ్చినవి ముట్టుకునేది కాదు. మొగ్గలా ముడుచుకున్నవే ఒడినిండా తెచ్చి, అంటిన మట్టిని పుల్లతో గీకి, పసుపు నీళ్ళలో కడిగి, చేత్తోనే నిలువునా చీల్చేది. కత్తి తగిలితే రుచి పోతుందని ఆమె నమ్మకం. ఉల్లిపాయ, పచ్చిమిర్చి మగ్గాక అవి వేసి మూత పెడితే, వాటిలోంచి ఊరిన నీళ్ళలోనే ఉడికేవి. చివర్లో ఎండాకాలం డాబా మీద ఎండబెట్టిన మామిడి ఒరుగులు నాలుగు వేసేది. ఆ పులుపు తగిలాక లేచే వాసనకి ఎవరూ పిలవకుండానే మేం పీటలు వాల్చుకునేవాళ్ళం.

మా అమ్మాయి చిన్నగా ఉన్న ఒక ఏడు, కోతలయ్యాక అమ్మ ఆగిరిపల్లిలో పెద్దమ్మ దగ్గరికి వెళ్ళింది. తోటలో కలుపు మోకాలెత్తు లేచింది. ఏటా వచ్చే ఆడకూలీలకే ఆ పని ఇస్తానని అమ్మ మాటిచ్చి వెళ్ళింది. వాళ్ళతో ఆ పని ఎప్పటికి తెములుతుందిలే అని, నేను ఒక మనిషిని పెట్టి ఒక్క సాయంత్రంలో గడ్డి మందు కొట్టించేశాను. ఆ మందు పడిన గడ్డి వెంటనే ఎండదు, వారం దాకా పచ్చగానే కనిపిస్తుంది. పసుపెక్కాక ఏదో ఒకటి చెప్పుకోవచ్చులే అనుకున్నాను.

ఆ రాత్రే ఉరిమి వాన పడింది. పొద్దున్నే మొదటి బస్సుకి దిగిన అమ్మ, ఇంటికి రాకుండా నేరుగా తోటలోకి వెళ్ళింది. నేను పళ్ళు తోముకుంటుంటే ఒడి నింపుకుని వచ్చింది. చాలా ఏళ్ళ తర్వాత ఇన్ని లేచాయని మురిసిపోయింది.

అప్పుడే చెప్పాల్సింది. వాన కడిగేసి ఉంటుందనుకున్నాను. పుట్ట దగ్గర మందు పడి ఉండదనుకున్నాను. అమ్మ ఒక్కో మొగ్గనీ చీలుస్తుంటే పక్కనే కూర్చుని చూశాను. అలా ఉన్నారేంటని నా భార్య రెండుసార్లు అడిగింది. నిద్ర చాల్లేదన్నాను.

అన్నాలు వడ్డించారు. అమ్మ కూర కలిపి, మొదటి ముద్ద మనవరాలి నోటి దగ్గరికి తీసుకెళ్ళింది. నేను అమ్మ మణికట్టు పట్టుకున్నాను.

"పెట్టకమ్మా. తోటలో గడ్డి మందు కొట్టించాను."

"ఎప్పుడు?"

"నిన్న సాయంత్రం."

అమ్మ ముద్దని కంచంలో పెట్టేసింది.

"పొద్దుట్నుంచీ ఇక్కడే ఉన్నావు కదరా. ఉల్లిపాయలు కూడా నువ్వే తరిగిచ్చావు."

నా భార్య పిల్లనెత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. అమ్మ పెరట్లో గొయ్యి తీసి, కుక్కలు ముట్టకుండా కూరంతా పూడ్చిపెట్టింది. ఆ పూట ఆవకాయ, పెరుగుతో తిన్నాం. మధ్యాహ్నం అమ్మే వెళ్ళి ఆ ఆడవాళ్ళకి ఈ ఏడు పని లేదని చెప్పి వచ్చింది. నేను వెళ్తానంటే, మాటిచ్చింది నేను కదా అంది.

ఆ తర్వాత నేను తోటలోకి మందు రానివ్వలేదు. అయినా రెండు మూడేళ్ళు ఒక్క మొగ్గ కూడా లేవలేదు. మళ్ళీ లేచిన రోజు గుడ్డలో మూటగట్టి తెచ్చి, అమ్మ ముందు పెట్టి, ఎక్కడా మందు కొట్టలేదమ్మా అన్నాను.

"అడిగానా నిన్ను?" అంది అమ్మ, మూట విప్పుతూ.

ఇప్పుడు ఆమె మోకాళ్ళు వంగడం లేదు. తోటకి వెళ్ళేదీ నేనే, వండేదీ నేనే. అమ్మ కుర్చీలో కూర్చుని మంట తగ్గించమంటుంది, ఒరుగులు ఎక్కువేశావంటుంది. కూర దించగానే, ఇంకెవరికీ వడ్డించకముందు, ఒక ముద్ద నేను తింటాను. పుట్టగొడుగులంటే నాన్న ఒక్క క్షణం ఆగలేడని అమ్మాయి వెక్కిరిస్తుంది. నా భార్య వినపడనట్టు మంచినీళ్ళు పెడుతుంది. నేను మింగేదాకా చూసి, అప్పుడు అమ్మ తన కంచం ముందుకి జరుపుతుంది.