ఆగండమ్మ, గ్లౌజుల పౌడరు

మనుషుల పొట్టలో పేగుల్ని చుట్టలు చుట్టి పెట్టింది దేవుడే కావచ్చు. అవి ఒకదానికొకటి అంటుకుపోకుండా కాపలా కాసింది మాత్రం మా అమ్మమ్మ. ఆయనకు తీరిక లేదు కాబట్టి ముప్ఫై ఒక్క ఏళ్లపాటు ఆ పని కూడా ఆవిడే నెత్తిన వేసుకుంది.

ఆపరేషన్ థియేటర్లో ఆవిడ నర్సు. డాక్టరు పక్కన నిలబడి కత్తెరలూ దారాలూ అందించడం ఉద్యోగం, డాక్టర్లను ఆపడం అలవాటు. నోరు తెరిస్తే ‘ఆగండి’ అనేది కాబట్టి చాటుగా అందరూ ఆగండమ్మ అనేవారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆ రోజుల్లో గ్లౌజులు సులువుగా తొడుక్కోవడానికి వాటికి పౌడరు పట్టించి ఉంచేవారు. కోసినచోట చీము పట్టకూడదని గడియారం చూసుకుని మరీ చేతులు రుద్దుకునేవారు గాని, తొడిగిన గ్లౌజుల మీది పౌడరును పెద్దగా పట్టించుకునేవారు కాదు. అది కాస్త లోపల పడిందా, పేగులు వాచి అతుక్కుంటాయి. తర్వాతెప్పుడో మెలిపెట్టే నొప్పి, వాంతులు, మళ్లీ కోత. అందుకే అమ్మమ్మ ఉప్పునీళ్ల గిన్నె ఒకటి పెట్టుకుని, డాక్టరు గ్లౌజులు అందులో కడిగించి తుడిచాకే కత్తి ఇచ్చేది.

ఒకసారి ఒక బస్సు కండక్టరమ్మ వచ్చింది. అప్పటికే రెండు ఆపరేషన్లయ్యాయి. రెండోది చేసిందే మొదటిదాని అతుకులు విడదీయడానికి. ఇప్పుడు మళ్లీ పేగు మూసుకుపోయింది.

“ఈసారి జిప్పు కుట్టెయ్యమను సిస్టరమ్మా,” అంది బల్ల మీద పడుకుంటూ.

“నీ పొట్టేమన్నా టికెట్ల సంచా? కదలకుండా పడుకో.”

మత్తు ఎక్కాక కొత్త డాక్టరు మెల్లగా అన్నాడు: “ఇది కూడా అతుక్కుంటే ఇంకోసారి విడదీయడానికి పేగు మిగలదు సిస్టర్.” అంటూనే కత్తి కోసం చెయ్యి చాపాడు.

“ఆగండి. గిన్నెలో ముంచండి.”

“దులిపేశాను.”

“దులిపితే పోయేదైతే నాకీ గిన్నె దేనికి సార్?”

ఆయన ముంచాడు. నీళ్లు పలచగా తెల్లబడ్డాయి. అనవలసింది అమ్మమ్మ కనుబొమ్మలు అన్నాయి.

పొట్ట తెరిచారు. పేగులు ఆరిపోకుండా కప్పడానికి ఆయన తడిగుడ్డ అడిగాడు. అమ్మమ్మ గుడ్డ పిండి అందించబోతూ తన వేళ్ల సందున తెల్లటి చార చూసింది. ఆయన్ని దబాయించే హడావుడిలో తన గ్లౌజులు కడుక్కోలేదు. ఆ చేతులతోనే గుడ్డలన్నీ తడిపింది.

ఎవరూ చూడలేదు. డాక్టరు చెయ్యి ఇంకా చాచే ఉంది.

“ఆగండి,” అంది, గొంతు తగ్గించి. “నావి కడగలేదు. ఈ గుడ్డలు పనికిరావు.”

డాక్టరు ఆవిడ వంక ఒక్క క్షణం చూశాడు. “ఆగుతాను. ఇందాకే అలవాటైంది,” అన్నాడు.

ఇంకో నర్సు కొత్త సీసా విప్పింది. ఆ ఉప్పునీళ్లు పేగుల మీద చల్లుతూ ఆయన నిలబడ్డాడు. అమ్మమ్మ గ్లౌజులు మార్చి, కడిగి, కొత్త గుడ్డలు మొదటినుంచి తడిపింది. ఆ తర్వాత రెండు గంటలు ఎవరినీ ఆగమనలేదు.

మర్నాడు డ్యూటీ దిగి నేరుగా వార్డుకెళ్లింది. కండక్టరమ్మను భుజం పట్టి లేపి నడిపించింది. నడిస్తే పేగులు త్వరగా కదులుతాయని ఆవిడ నమ్మకం.

“బస్సులో జనాన్ని జరగమనేది నేను. నన్ను జరగమనేదానివి నువ్వొక్కదానివే,” అని మూలిగింది కండక్టరమ్మ.

“గాలి పోయిందా?”

“నలుగురిలో అడిగే మాటా అది?”

రెండు రోజులూ అదే ప్రశ్న, అదే మూలుగు. మూడోనాడు అమ్మమ్మ గుమ్మంలో అడుగు పెట్టకముందే వార్డంతా వినపడేలా కేక వచ్చింది: “సిస్టరమ్మా, బస్సు కదిలింది.”

ఆ తర్వాత పదిహేనేళ్లు ఆవిడ టికెట్లు కొట్టింది. పొట్ట మళ్లీ కోయించుకోలేదు.

ఇదంతా విని, “కాస్తంత పౌడరేగా అమ్మమ్మా, మాస్కు చాటున నోరు మూసుకుంటే ఎవరికి తెలిసేది?” అని అడిగాను.

అమ్మమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

“నయంరా, నువ్వు డాక్టరీ చదవలేదు.”